సరస్వతి ఆకు తినే ముందు

పరీక్షల రోజులొస్తే చాలు, మన కోనసీమ ఇళ్ళల్లో సరస్వతి ఆకు మాట వినబడుతుంది. కొబ్బరి తోటల్లో, నూతి గట్టున, పంటబోదెల పక్కన, తడి ఉన్నచోటల్లా నేలమీద పాకే మొక్క ఇది. శాస్త్రవేత్తలు సెంటెల్లా ఏసియాటికా అంటారు. కొత్తిమీర, జీలకర్ర, వాము, క్యారెట్ కుటుంబానిదే!

కోసే ముందు గుర్తుపట్టండి. పొడవాటి కాడకి ఒక్కటే ఆకు. గుండ్రంగా ఉండి, కాడ అతికినచోట లోపలికి చీలి ఉంటుంది. అంచులు సన్నటి నొక్కులు. కణుపు నేలకి తగిలినచోటల్లా వేళ్ళు దిగుతాయి. కాడ ఆకు నడిమధ్య గొడుగులా అతికి ఉందంటే అది వేరే మొక్క. చిన్నచిన్న దళసరి ఆకులు జంటలుగా వచ్చి, తెల్లటి పూలు పూసేది ఇంకోటి. దాన్నీ, దీన్నీ కూడా బ్రాహ్మి అనేస్తారు కాబట్టి పేరు విని మోసపోకండి.

ఎక్కడ కోశామన్నది ఇంకా ముఖ్యం. మట్టిలో, నీటిలో ఉన్న సీసంలాంటివి ఆకుల్లోకి వచ్చేస్తాయి. మురుగు కాలువ గట్టునా, రొయ్యల చెరువు పక్కనా, పురుగుమందు కొట్టిన చేలగట్టునా కోయవద్దు. వేళ్ళతో ఉన్న రెండు తీగలు తెచ్చి, పాత బకెట్టుకి అడుగున చిల్లులు పెట్టి, మంచి మట్టిలో నాటితే సరి. ఎప్పుడూ తడి ఆరకూడదు, కాస్త నీడ ఉండాలి.

ఇది తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఇంతవరకు జరిగిన పరీక్షల్లో గట్టిగా తేలలేదు. పిల్లలకి మాత్రలు, పొడులు కొని మింగించకండి. వారాల తరబడి మాత్రలు వేసుకున్న కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు వైద్య పత్రికల్లో వచ్చింది. గర్భిణులూ, కాలేయం జబ్బున్నవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా వాడకూడదు.

కూరగా, పచ్చడిగా ఎప్పుడైనా తినడం వేరు. శ్రీలంకలో దీన్నే గొటుకొల అంటారు. సన్నగా తరిగి కొబ్బరికోరు, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి తింటారు. మన పద్ధతి చెప్తాను:

2 గుప్పెళ్ళ ఆకు ఉప్పునీళ్ళల్లో కడిగి, నూనెలో మగ్గనివ్వండి. 4 ఎండుమిరపకాయలు, చెంచాడు మినప్పప్పు, ఆవాలు వేయించి, కాస్త చింతపండు, అరచిప్ప కొబ్బరి, ఉప్పు చేర్చి రుబ్బండి. ఆకు కొంచెం చేదు, కొబ్బరి దాన్ని కప్పేస్తుంది.

పిల్లలకి వేడన్నంలో నెయ్యి వేసి ఓ ముద్ద పెట్టండి. మార్కులు మాత్రం పుస్తకం తీస్తేనే వస్తాయని కూడా చెప్పండి!