సంఘము, చిట్టా, స్వేచ్ఛ

విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘముల నియమావళిని గూర్చిన వ్యాసములకు ఈ సంచికయందు ప్రథమస్థాన మొసంగితిమి. నాటకము, చర్చ, గ్రంథపఠనము మున్నగు ఏ సత్సంకల్పముతో విద్యార్థులు గుమిగూడినను, సభ్యుల పట్టికయు, నిబంధనలును, కోశాధికారి సంతకముగల రసీదు పుస్తకమును లేనిచో, ఏడాది తిరుగకమున్నే చందాల లెక్క చిక్కులపాలగుట యెల్లరెఱిఁగినదే; ఆ తగవు తఱచుగ టీఖర్చుతోనే మొదలగుట మఱియు వింత! 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము సైతము కోరినది స్వల్పమే: ఏడుగురు వ్యక్తులు, ఉద్దేశ్యపత్రము, నిబంధనల ప్రతి, కార్యవర్గమువారి పేర్లు. కళాశాలలోని చిన్న సంఘమునకు అంతకంటె బరువైన దరఖాస్తు లేల?

క్రొత్తవారిని ర్యాగింగు పేర వేధించుటను నియమావళి కఠినముగ నిషేధింపవలసినదే. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిని నేరముగనే నిర్ణయించినది. కాని, 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరగీతమును పాడినందులకు విద్యార్థులు బహిష్కృతులై, పలువురు నాగపురమునకేగి చదువు సాగింపవలసివచ్చిన చరిత్రను ఎఱిఁగినవారము గనుక, క్రమశిక్షణ పేరిట అభిప్రాయములను గూడ అణచు అధికారమును రిజిస్ట్రారునకుగాని ప్రిన్సిపాలునకుగాని కట్టబెట్టుట మాకు సమ్మతము కాదు. సంఘమునకు గుర్తింపు నిరాకరించినయెడల కారణమును వ్రాతమూలకముగ తెలుపవలెను. పై యధికారికి విన్నవించుకొను గడువును నియమావళియందే చూపవలెను.