పరిశోధన ఖర్చు మన ఇంటికి ఎలా చేరుతుంది?

ప్రశ్న: మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక్కోసారి జ్వరం మాత్రలు కూడా ఉండవు. ఢిల్లీలో, హైదరాబాదులో పరిశోధనలకు మాత్రం కోట్లు పోస్తున్నారు. ఆ డబ్బుతో మందులు కొనిస్తే రాష్ట్రానికి మేలు కదా?
– ఒక ఉపాధ్యాయిని, వినుకొండ

జవాబు: మందులు ఉండి తీరాలన్న మీ మాట న్యాయమే. కాని పరిశోధనకు పెట్టిన డబ్బు ఎక్కడికి పోతుందో ఒక్క ఉదాహరణతో చూడండి.

పసిపిల్లల్లో తీవ్రమైన నీళ్ళ విరేచనాలకు ముఖ్య కారణం రోటా వైరస్. బిడ్డను ఆసుపత్రిలో చేరిస్తే కూలికి వెళ్ళే తల్లికి నాలుగు రోజుల కూలి పోతుంది. బస్సు ఛార్జీలు, సెలైను, పైమందులు కలిసి చివరకు వడ్డీకి అప్పు తెచ్చుకోవలసి వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే మంచం, మందుల ఖర్చు ఖజానా మీద పడుతుంది.

1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ బృందం ఒక వింత గమనించింది. అప్పుడే పుట్టిన కొందరు బిడ్డలకు ఈ వైరస్ సోకినా జబ్బు చేయలేదు. ఆ వైరస్ నుంచే టీకా తయారు చేయాలన్న ఆలోచన వచ్చింది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ, విదేశీ సంస్థలు డబ్బు సమకూర్చాయి. హైదరాబాదులోని భారత్ బయోటెక్ టీకా తయారు చేసింది. ఢిల్లీ, పూణే, వెల్లూరులలో సుమారు 6,800 మంది పిల్లల్లో పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. 2016లో ప్రభుత్వం రోటా టీకాను మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అంటే ఫలితం చేతికి రావడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. మధ్యలో నిధులు ఆపివేసి ఉంటే అంతకు ముందు పెట్టిన ఖర్చంతా వృథా అయ్యేది. టీకా తయారీ వల్ల హైదరాబాదులో కొందరికి ఉద్యోగాలు దొరికాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం రావడంతో బయటి దేశాలకు అమ్ముకునే వీలూ కలిగింది. అయితే ఆసుపత్రికి వెళ్ళే పని తప్పిన ఇంట్లో మిగిలిన కూలి డబ్బు ఏ బడ్జెట్ లెక్కలోనూ కనిపించదు. పరిశోధన వల్ల రాష్ట్రానికి వచ్చే లాభంలో అదీ ఒక పెద్ద భాగమే.

ఈ టీకాతో విరేచనాలన్నీ ఆగిపోవు. ఆ పరీక్షల్లో తొలి ఏడాది రోటా వల్ల వచ్చే తీవ్రమైన విరేచనాలు సగానికి కొంచెం ఎక్కువగా తగ్గాయి. కనుక మీ ఊరి తల్లులకు ఇవి చెప్పండి:

* 6, 10, 14 వారాల వయసులో రోటా చుక్కలు వేయించాలి. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆలస్యమైతే మొదటి మోతాదు ఏడాది లోపు పడాలి.
* విరేచనాలు మొదలైతే తల్లిపాలు మాన్పించకూడదు. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించాలి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి.
* ఆరోగ్య కార్యకర్త చెప్పిన మోతాదులో జింకు మాత్రలు 14 రోజులు వాడాలి. విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపవద్దు.
* బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, మత్తుగా ఉన్నా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మీ కేంద్రంలో మందులు లేని విషయం జిల్లా వైద్య, ఆరోగ్యాధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఎంత పరిశోధన జరిగినా, చుక్కల మందు ఆ కేంద్రం దాకా చేరితేనే బిడ్డకు అందుతుంది.