ఒక తీగ – ఇంటిల్లిపాదీ

ఇంట్లో ఒక్కటే కుళాయి ఉండి, అది కూడా ఒకరి గదిలో ఉంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. బిందె పట్టుకొని వెళ్లినప్పుడల్లా తలుపు తట్టాలి. ఆ గదిలోవారు తలుపు వేసుకొని నిద్రపోతే ఇంటిల్లిపాదికీ దాహమే. మొన్న ఆషాఢంలో గుంటూరులో మా అక్కయ్యగారింట పది రోజులుండి వచ్చాను. అక్కడ ఇంటర్నెట్టు సంగతి సరిగ్గా ఇట్లాగే ఉన్నది.

వాళ్లది పాతకాలపు మేడ. గోడలు మందం. ఫోనులో మాట వినబడాలంటే వీధి అరుగు మీదికి రావలసిందే. అందుకని పెద్దవాడు కేబులు అబ్బాయి చేత ఒక తీగ లాగించి, మేడమీద తన గదిలో కంప్యూటరుకు తగిలించుకొన్నాడు. కింద అమ్మాయికొక లాప్‌టాప్ ఉన్నదిగాని దానికి ఇంటర్నెట్టు లేదు. ఇంతలో అమ్మాయి ఇంజనీరింగు సీటుకోసం వెబ్ ఆప్షన్లు ఇచ్చుకోవలసిన రోజులు వచ్చాయి.

"అన్నయ్యా, నీ కంప్యూటరు ఒక్క గంట ఇవ్వవూ?" అని అది బతిమాలడం, "పని ఉన్నది, తరవాత చూద్దాంలే" అని వాడు విసుక్కోవడం రెండు రోజులు చూశాను. మూడో రోజున నేనే కల్పించుకొన్నాను.

"ఒరే, కంప్యూటరు ఇవ్వకపోతే మానె. నీకు వచ్చే ఇంటర్నెట్టులో చెల్లాయికి కాస్త వాటా పెట్టరాదట్రా?"

"పెట్టవచ్చు పిన్నీ, పది నిమిషాల పని. ఇన్నాళ్లూ ఎవరూ అడగందే!" అన్నాడు వాడు.

పక్కన కూర్చుని చూశాను. మీకూ పనికివస్తుందని చెబుతున్నాను. విండోస్ 10 గాని 11 గాని ఉన్న కంప్యూటరులో 'సెట్టింగ్స్' తెరిచి, 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్' లోకి వెళితే 'మొబైల్ హాట్‌స్పాట్' అని కనబడుతుంది. దానికొక పేరూ, ఒక పాస్‌వర్డూ పెట్టి ఆన్ చేయాలి. కంప్యూటరుకు వైఫై ఉంటే చాలు, తీగమీద వచ్చినదాన్ని గాలిలో పంచిపెడుతుంది. ఎనిమిది పరికరాల దాకా తగిలించుకోవచ్చును. వైఫై లేని పాత కంప్యూటరయితే రెండో నెట్‌వర్కు కార్డు వేయించి, మొదటి కనెక్షను 'ప్రాపర్టీస్'లో 'షేరింగ్' అన్నచోట టిక్కు పెట్టి, రెండో కార్డునుంచి రెండో కంప్యూటరుకు వైరు లాగాలి. ఇదేమంత కొత్త విద్య కాదు. 1999లో వచ్చిన విండోస్ 98 రెండో కూర్పులోనే ఈ సదుపాయం ఉన్నది.

"తీగ ఒక్కటే గదా, ఎవరి ఉత్తరం ఎవరికో పోదూ?" అని అక్కయ్య సందేహం. మంచి ప్రశ్నే. ఉమ్మడి కుటుంబానికి వీధిలో డోరునంబరు ఒక్కటే ఉంటుంది. టపా అంతా ఇంటి పెద్ద చేతికి వస్తే, ఆయన పేరు చూసి ఎవరిది వారికి ఇస్తాడు. ఇక్కడ పెద్దవాడి కంప్యూటరే ఆ ఇంటి పెద్ద. బయటి ప్రపంచానికి దాని అంకె ఒక్కటే తెలుస్తుంది. లోపలి కంప్యూటర్లకు అది వేరే చిన్న అంకెలు ఇచ్చి, ఎవరు ఏమి అడిగారో గుర్తుపెట్టుకొని, జవాబు రాగానే వారికి అందిస్తుంది.

ఇట్లా ఎందుకంటే, ఇంటర్నెట్టు మొదట ఏర్పరచుకొన్న అంకెలు మొత్తం సుమారు 430 కోట్లు. లోకంలోని కంప్యూటర్లన్నిటికీ తలా ఒకటి ఇద్దామంటే చాలవు. అందుకని ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ లోపలి వాడకానికి 1996 నాటి ఏర్పాటు ప్రకారం కొన్ని వరసలు విడిగా ఉంచారు. 192.168 తో మొదలయ్యేవి అటువంటివే. ఇంటర్నెట్టు పంచే విండోస్ కంప్యూటరు సాధారణంగా తనకు 192.168.137.1 అని పెట్టుకొంటుంది. మీ ఇంట్లోనూ పక్కింట్లోనూ అదే అంకె ఉన్నా తగాదా లేదు. ప్రతి ఇంట్లోనూ ఒక 'పెద్దబ్బాయి' ఉండడంలేదూ?

రెండు రోజులు అన్నాచెల్లెళ్లు సఖ్యంగా ఉన్నారు. మూడో రోజు ఆప్షన్లకు ఆఖరు రోజు. గడువు అర్ధరాత్రి. అమ్మాయి కాలేజీల పేర్లు పైకీ కిందికీ మారుస్తూ కూర్చున్నది. ఆ వరస చాలా ముఖ్యం. పైన రాసిన కాలేజీలో సీటు వస్తే కింద రాసినవాటి జోలికే పోరు. పెద్దవాడు పనిమీద విజయవాడ వెళ్లాడు.

రాత్రి పదకొండు గంటలకు బావగారు అలవాటు ప్రకారం తలుపులు చూసుకొంటూ మేడమీదికి వెళ్లారు. మనిషి లేని గదిలో కంప్యూటరు పనిచేస్తున్నది. కరెంటు దండగ అని స్విచ్చి కట్టేశారు.

"పిన్నీ, పోయింది!" అని కిందనుంచి కేక. బావగారు మెట్లమీదే నిలబడిపోయి, "నేను మేడమీద స్విచ్చి ఆర్పితే కింద దానికేమయిందమ్మా?" అన్నారు. ఆ మాటతో నాకు అసలు సంగతి తెలిసివచ్చింది. ఇంటిల్లిపాది ఇంటర్నెట్టూ ఆ పెట్టెగుండా వస్తున్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు!

మళ్లీ స్విచ్చి వేస్తే కంప్యూటరు పాస్‌వర్డు అడిగింది. అది పెద్దవాడికి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకొన్నది. నేను అరుగు మీదికి పరుగెత్తి వాడికి ఫోను చేశాను. నేను వాడి మాట విని గట్టిగా చెప్పడం, అక్కయ్య మెట్లదగ్గర అందుకోవడం, బావగారు ఒక్కొక్క అక్షరమే నొక్కడం! లోపలికి వెళ్లాక హాట్‌స్పాట్ మళ్లీ ఆన్ చేశారు. పదకొండూ నలభైకి అమ్మాయి జాబితా భద్రమయింది. బావగారు మాత్రం పన్నెండు దాకా ఆ కంప్యూటరు పక్కనే కాపలా కూర్చున్నారు, ఎవరయినా ఆర్పుతారేమోనని. ఆయన తప్ప ఆర్పేవారు ఆ ఇంట్లో ఎవరున్నారు గనుక!

ఆలోచిస్తే బావగారిదీ తప్పు లేదు. వంద వాట్లు తినే కంప్యూటరు పది గంటలు నడిస్తే ఒక యూనిట్. ఇంటర్నెట్టు పంచడానికే వేరుగా దొరికే చిన్న రౌటరు పది వాట్లదయితే, అదే యూనిట్ మీద వంద గంటలు నడుస్తుంది. అందుకని మర్నాడే హాలులో ఒక రౌటరు పెట్టించాము. ఇప్పుడు తీగ దానికి వచ్చింది. పెద్దవాడి కంప్యూటరూ అమ్మాయి లాప్‌టాప్ మాదిరిగానే వాటాదారు అయింది.

రౌటరు కొనేదాకా ఇంట్లో ఒక కంప్యూటరుతోనే సరిపెట్టుకొనేవారు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. పంచే కంప్యూటరు మెలకువగా ఉండాలి. అందుకని దాని 'స్లీప్' ఏర్పాటు తీసివేయండి. పంచుకొన్నకొద్దీ వేగం వాటాలవుతుంది. ఒకరు సినిమా చూస్తుంటే ఇంకొకరికి పాఠం ఆగుతూ ఉంటుంది. పాస్‌వర్డు లేకుండా పంచవద్దు. దారినపోయేవారు చేసిన పనికి కూడా కనెక్షను మీ పేరనే ఉంటుంది. ఆఫీసువారిచ్చిన కంప్యూటరయితే వారిని అడగకుండా పంచనేవద్దు.

అన్నిటికంటె ముఖ్యం, ఇంట్లో పెద్దవారికి కూడా ఈ ఏర్పాటు విప్పి చెప్పండి. "మీకు అర్థంకాదులెండి" అని వదిలేసిన విషయమే ఒకనాటి రాత్రి స్విచ్చి దగ్గర అడ్డుపడుతుంది.

అక్కయ్యగారింట రౌటరు మీద బావగారు స్వహస్తాలతో ఒక చీటీ అంటించారు: "ఇది అందరిదీ. ఆర్పరాదు."