దేవదూతకు పౌడరు పూసింది ఎవరు?



పోయిన క్రిస్మస్‌కు మా సంఘంలో సండే స్కూలు పిల్లలు నాటిక వేశారు. దేవదూత వేషం ఎవరు వేస్తారని అడిగితే తొమ్మిదేళ్ల పాప ఒకతె ముందుగా చెయ్యి ఎత్తింది. గొంతు గట్టిది. వాక్యం అప్పజెబితే ఒక్క తప్పు ఉండదు. కానీ పిల్ల నల్లగా ఉంటుంది. టీచరమ్మ ఆ వేషాన్ని తెల్లగా ఉన్న ఇంకో పాపకు ఇచ్చి, ఆ పాపకు కూడా ఇంకాస్త పౌడరు పూసి, ఈమెను గొర్రెల కాపరుల్లో నిలబెట్టింది. ఈ పాప నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, దేవదూతలు నల్లగా ఉండరా?" అని అడిగింది. నేను నవ్వేసి, "కాపరి వేషం కూడా మంచిదేనమ్మా" అని పంపేశాను.

ఆ పాప అడిగింది వాక్యానికి సంబంధించిన ప్రశ్న. సెమినరీలో చదువుకుని, ప్రతి ఆదివారం పుల్పిట్ ఎక్కే నేను ఇచ్చింది తప్పించుకునే జవాబు. ఆ బాకీ ఈ రోజు తీర్చుకుంటున్నాను.

డిసెంబరు వచ్చిందంటే ఊరూరా ఫ్లెక్సీలు లేస్తాయి. ప్రతి ఫ్లెక్సీ మీదా తెల్లని ఒళ్లు, బంగారు జుట్టు, హంస రెక్కలు, బూరె బుగ్గలు. ఈ బొమ్మ బైబిలులో ఏ అధ్యాయంలో ఉంది? ఎవరైనా చూపించండి. నేను వెతికాను, నాకు దొరకలేదు.

మొదట మాట అర్థం చూద్దాం. దూత అంటే కబురు తెచ్చేవాడు. హెబ్రీలో మలాక్, గ్రీకులో అంగెలోస్. యాకోబు తన అన్న ఏశావు దగ్గరకు పంపిన మనుషులకూ (ఆదికాండము 32:3), బాప్తిస్మమిచ్చు యోహాను పంపిన మనుషులకూ (లూకా 7:24) అవే మాటలు వాడారు. ఆ మాట చెప్పేది పని గురించి, అందం గురించి కాదు.

ఇక రూపం. మమ్రే దగ్గర ఎండవేళ అబ్రాహాము కన్నులెత్తి చూస్తే కనబడింది ముగ్గురు మనుష్యులు (ఆదికాండము 18). కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఇచ్చాడు, రొట్టెలు చేయించాడు, దూడను వండించాడు. వాళ్లు చెట్టు కింద కూర్చుని తిన్నారు. వాళ్లలో ఇద్దరు సొదొమకు వెళ్లారు. వారు దూతలని లేఖనం చెబుతోంది, ఊరివాళ్లకు మాత్రం పొరుగూరి మనుషుల్లాగే కనబడ్డారు (ఆదికాండము 19). మానోహ అయితే ఎదురుగా నిలబడి మాట్లాడుతూ కూడా ఆయన యెహోవా దూత అని తెలుసుకోలేదు (న్యాయాధిపతులు 13:16). ఖాళీ సమాధిలో స్త్రీలు చూసింది ఒక పడుచువాణ్ణి (మార్కు 16:5). వీరిలో ఎవరికీ రెక్కలున్నట్టు రాయలేదు. యాకోబు కలలో దూతలు ఎక్కడానికీ దిగడానికీ నిచ్చెన ఉంది (ఆదికాండము 28:12).

"అయ్యగారూ, రెక్కల మాట బైబిలులో లేనే లేదా?" అంటారు. ఉంది. యెషయా చూసిన సెరాపులకు ఆరు రెక్కలు (యెషయా 6:2). యెహెజ్కేలు చూసిన కెరూబులకు నాలుగు రెక్కలు, నాలుగు ముఖాలు: మనిషిది, సింహానిది, ఎద్దుది, పక్షిరాజుది (యెహెజ్కేలు 1). వాళ్లు దేవుని సింహాసనం దగ్గర ఉండేవాళ్లు. ఆ రూపాన్ని ఉన్నదున్నట్టు ఫ్లెక్సీ మీద వేస్తే పిల్లలు రాత్రికి జడుసుకుంటారు. జెకర్యాకు రెక్కలున్న ఇద్దరు స్త్రీలు కనబడ్డారు గాని, వాళ్లను దూతలు అనలేదు (జెకర్యా 5:9). ఆకాశంలో ఎగురుతున్న దూతను యోహాను చూశాడు, అక్కడ కూడా రెక్కల ప్రస్తావన లేదు (ప్రకటన 14:6). బూరె బుగ్గల పసిపాప మాత్రం ఎక్కడా లేదు.

మరి తెలుపు? మత్తయి 28:3 చదవండి. హిమమంత తెల్లగా ఉన్నది వస్త్రం. చర్మం కాదు! దానియేలు చూసినవాని చేతులూ కాళ్లూ ఎలా ఉన్నాయి? మెరుగుపెట్టిన ఇత్తడిలా ఉన్నాయి (దానియేలు 10:6). తెల్లబట్టను తెల్లచర్మంగా మార్చింది లేఖనం కాదు, మనం.

ఈ బొమ్మ వచ్చిన దారి వేరు. రోములో ప్రిస్కిల్లా భూగర్భ సమాధుల్లో తొలికాలపు క్రైస్తవులు మరియ దగ్గరకు వచ్చిన దూతను గీశారు. ఆ దూతకు రెక్కలు లేవు. నాలుగో శతాబ్దం చివరికి దూతల బొమ్మలకు రెక్కలు వచ్చాయి. అప్పటికే రోమీయుల విజయదేవతకు అలాంటి రెక్కలు ఉండేవి. తర్వాత ఇటలీ చిత్రకారులు రోమీయుల ప్రేమదేవుడైన క్యూపిడ్ పోలికలో రెక్కల పసివాళ్లను గీశారు. 1512 ప్రాంతంలో రాఫాయేలు గీసిన సిస్టీన్ మడోన్నా చిత్రం అడుగున ఉన్న ఇద్దరు పసివాళ్లు గ్రీటింగు కార్డులెక్కి లోకమంతా తిరిగారు. విగ్రహాల మీద గంటసేపు ప్రసంగించే మనం, రోమా దేవతల రెక్కలను గుడి ద్వారానికి కట్టుకుంటున్నాం.

"పిల్లల బొమ్మే కదా, నష్టమేముంది?" అంటారా? మొదటి నష్టం ఆ పాపకు. దేవుని సన్నిధిలో కూడా తన రంగుకు చోటు లేదని ఆమెకు నేర్పింది ఊరు కాదు, సంఘం.

రెండో నష్టం మనకే. హెబ్రీయులకు 13:2 ఏమంటోంది? పరాయివాళ్లకు ఆతిథ్యం ఇవ్వడం మరవవద్దు, అలా చేసి కొందరు తమకు తెలియకుండానే దూతలకు ఆతిథ్యం ఇచ్చారు అంటోంది. బాగా ఆలోచించండి. వచ్చినవాళ్లకు హంస రెక్కలు ఉంటే, "తెలియకుండా" అనే మాటకు అర్థమేముంది? రెక్కలు చూశాక తలుపు తీయనివాడు ఎవడు? రెక్కలు లేని, దుమ్ము కాళ్ల మనిషికి తలుపు తీయడమే అక్కడ విశ్వాసం.

అదే క్రిస్మస్ రోజు ప్రేమ విందులో, షామియానా బయట మాసిన లుంగీతో, చేతిసంచితో ఎవరో ముసలాయన నిలబడ్డాడు. మన యౌవనస్థులు "ముందు సంఘస్థులు తిననీ తాతా, ఆగు" అన్నారు. నేను విన్నాను, ఊరుకున్నాను. చివరి బంతి లేచి చూస్తే ఆయన లేడు. ఆయన నిలబడిన చోటికి పైనే మన ఫ్లెక్సీ దేవదూత నవ్వుతూ ఉంది. ఆయన దేవదూత అని నేను చెప్పడం లేదు. కాదని చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

అందుకే ఈ సంవత్సరం మా నాటికలో రెక్కలు ఉండవు, పౌడరు ఉండదు. వాక్యం బాగా చెప్పగలిగిన బిడ్డకే దూత వేషం, ఎందుకంటే దూత పని కబురు చెప్పడమే. ప్రేమ విందులో మొదటి విస్తరి బయటినుంచి వచ్చినవాళ్లకు. మీ సంఘాల్లో కూడా ఆలోచించండి.

ఇక ఆ పాపకు నా జవాబు. అమ్మా, దేవదూతలు తెల్లగా ఉంటారని బైబిలు ఎక్కడా చెప్పలేదు. అది మేము పెట్టిన రంగు. ఆ రోజు నీ ప్రశ్నకు నవ్వినందుకు ఈ అయ్యగారిని క్షమించు.

మన కన్నులకున్న ఈ పొరను ప్రభువు తీసివేయును గాక. ఆమేన్.