కార్బన్ సైకిలుకు నాడి పరీక్ష

జంషెడ్‌పూర్ ఉక్కుతో పుట్టిన నగరం. అక్కడి కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె 1912లో తయారయింది. తరతరాల కార్మికులు షిఫ్టుకు ఉక్కు సైకిళ్ళపైనే వెళ్ళారు; తండ్రి తొక్కిన సైకిలు కొడుకుకు దక్కడం వింత కాదు. నేటి కార్బన్ సైకిలును కూడ అదే విధంగా వారసత్వంగా ఇవ్వవచ్చునా? పదిహేనేళ్ళ నాటి ఫ్రేమును నమ్మి దల్మా కొండ దిగవచ్చునా?

దెబ్బ తిన్న ఉక్కు సాధారణంగా వంగుతుంది, సొట్టపడుతుంది. హెచ్చరిక కంటికి కనిపిస్తుంది. కార్బన్ ఫ్రేము లోహం కాదు. వెంట్రుక కంటె సన్నని కార్బన్ పోగులను రెసిన్ అనే జిగురుతో పొరలు పొరలుగా అతికి గట్టిపరచినది. ఉక్కు సాంద్రతలో దానిది సుమారు అయిదో వంతు. చక్కగా తయారైన ఫ్రేము ఏళ్ళ తరబడి సవారీకి అంత సులభంగా అలసిపోదు. అయితే గట్టి దెబ్బకు లోపలి పొరలు విడిపోయినా, పైరంగు నిగనిగలాడుతూనే ఉండవచ్చు. అటువంటిది ఒకనాడు హఠాత్తుగా విరుగుతుంది. విరిగినది ముందు ఫోర్కు అయితే, మనిషి ముఖం మీద పడతాడు.

పరీక్షకు ముందు ఫ్రేమును శుభ్రంగా కడగాలి. ఫోర్కు, హ్యాండిలు, సీటు బిగింపుల వద్ద, పెడళ్ళ ఇరుసు చుట్టూ మంచి వెలుతురులో పరిశీలించాలి. పాత నూలుగుడ్డతో తుడిస్తే, తెగి లేచిన పోగులకు దారం చిక్కుకుంటుంది. గీత ఉన్నచోట బొటనవేలితో నొక్కినప్పుడు మెత్తగా లోనికి పోతే, అది రంగులోని గీత కాదు. ఆ తరువాత రూపాయి నాణెంతో గొట్టం పొడవునా మెల్లగా తట్టాలి. కుండను తట్టి కొనడం వంటిదే ఇది. గట్టిచోట ధ్వని స్పష్టంగా, పొరలు విడినచోట బోలుగా వినిపిస్తుంది. గొట్టం మందం మారేచోట ధ్వని సహజంగానే మారుతుంది గనుక, కుడివైపును ఎడమవైపుతో పోల్చాలి. నాణెం దోషాన్ని పట్టించగలదు గాని, దోషం లేదని హామీ ఇవ్వలేదు.

ఆయుష్షును అంచనా కట్టే విద్య జంషెడ్‌పూర్‌కు కొత్త కాదు. 1950 నవంబరు 26న ప్రధాని నెహ్రూ ప్రారంభించిన నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ అక్కడే ఉన్నది. విద్యుత్కేంద్రాల బాయిలరు గొట్టాల వంటి వాటికి ఇంకెంత ఆయుష్షు మిగిలి ఉన్నదో తేల్చడం ఆ శాస్త్రజ్ఞుల పనుల్లో ఒకటి. ఆ లెక్కకు తయారైన సంవత్సరం ఒక్కటే చాలదు; ఆ భాగం ఎంత వేడిని, ఎంత ఒత్తిడిని భరించిందన్నదీ తెలియాలి.

సైకిలుకూ అదే న్యాయం. ఎన్నేళ్ళదని కాదు, ఎన్నిసార్లు పడింది, ఎక్కడ దెబ్బ తగిలింది, మరలను ఎవరైనా అతిగా బిగించారా అని మొదట అడగాలి. చేతులు మారిన సైకిలు చరిత్ర తెలియకపోతే, అనుమానం మరింత అవసరం. నిపుణులు అల్ట్రాసోనిక్ తరంగాలతో లోపలి పొరలను పరీక్షించగలరు. సందేహం తీరేవరకు ఆ సైకిలును గోడకు ఆనించి ఉంచడమే వివేకం. అందాక ఇంట్లో ఉన్న పాత ఉక్కు సైకిలుకు గాలి కొట్టుకోవచ్చు.