నిప్పు లేనిదే పొగ రాదా?

కృష్ణా డెల్టాలో రాత్రి గడ్డివాము తగలబడితే, తెల్లవారేసరికి పాతపగవాడి పేరు ఊరంతా వినబడుతుంది. “నిప్పు లేనిదే పొగ రాదు” అంటారు పెద్దలు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక సామెతను కాదనను; కాని కోర్టులో అది సాక్ష్యం కాదంటాను.

ఇల్లు తగలబెట్టిన నేరానికి యావజ్జీవం దాకా పడవచ్చు. వకీలును పెట్టుకోలేని పేదవాడి గతేమిటి? 1987 నాటి చట్టం అతనికి ఉచితంగా వకీలును ఇమ్మంటుంది. నిర్బంధంలో ఉంటే ఆదాయం కూడా అడగరు. మచిలీపట్నంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టినా, 15100కు ఫోను చేసినా చాలు.

కృష్ణ దాటి గుంటూరు వైపు వెళ్తే చిలకలూరిపేట. ఆ దగ్గర 1993 మార్చి 8న బస్సు దహనంలో 23 మంది ఆహుతయ్యారు. అంతటి ఘోరంలోనూ దోషులకు పడిన ఉరి తప్పించాలని హక్కుల సంఘాలవారు, రచయితలు పోరాడారు. 1998లో రాష్ట్రపతి దానిని యావజ్జీవంగా మార్చారు.

నేరం రుజువైనవారి పక్షానే మాట్లాడేవారున్నప్పుడు, రుజువు కానివాడికి ఒక్క వకీలైనా ఉండవద్దూ?