రెండు వాక్యాలు

మా కళాశాలలో ఆంగ్లసాహిత్యం బోధించిన మాస్టారికి ఒక అలవాటు ఉండేది. విద్యార్థికి పుస్తకం ఎరువిచ్చినప్పుడు లోపల చిన్న కాగితం ముక్క పెట్టేవారు. దాని మీద రెండే వాక్యాలు: ఏ పుట తప్పక చదవాలో, ఎందుకు చదవాలో. పుస్తకాన్ని మరచిపోయినవారు సైతం ఆ కాగితాన్ని మరచిపోలేదు.

ఉద్యోగ విరమణ తరువాత ఆయన ఒక బ్లాగు ప్రారంభించారు. అందులో సొంత రచనలు బహు తక్కువ. అంతర్జాలంలో తాము చదివిన మంచి వ్యాసం పేరు, రచయిత పేరు, దానికి లంకె, కింద యథాప్రకారం రెండు వాక్యాలు.

ఈ పనికి పెద్ద చరిత్రే ఉన్నది. 1945 జులైలో అమెరికా శాస్త్రవేత్త వానెవర్ బుష్ ‘అట్లాంటిక్’ పత్రికలో వ్యాసం రాస్తూ, అపారమైన గ్రంథరాశి నడుమ ఇతరులకోసం బాటలు వేయడమే వృత్తిగా గలవారు ముందుముందు రాగలరని ఊహించారు. 1997 డిసెంబరులో జోర్న్ బార్గర్ అనే అమెరికన్ తాను చదివిన పుటల లంకెలను ఏ రోజుకారోజు పేర్చి, ఆ చిట్టాకు ‘వెబ్‌లాగ్’ అని పేరు పెట్టాడు. బ్లాగు అన్న మాట దానికి కుదింపే. తాను ముందు చదివి, ఏరి, పదిమందికి అందించడం డైజెస్టు పాఠకులకు కొత్త సంగతి కాదు గదా!

2006లో ట్విట్టర్ వచ్చింది. సెల్‌ఫోన్ సందేశానికి 160 అక్షరాలే పరిమితి కనుక, పంపేవారి పేరుకు 20 విడిచి, చెప్పదలచినది 140లో ముగించాలని నియమం పెట్టారు. పొడుగాటి చిరునామాకే ఆ చోటు సరిపోయేది కాదు. అందువల్ల చిరునామాలను కుదించి ఇచ్చే సేవలకు గిరాకీ పెరిగింది. మాస్టారు కూడా అటు మళ్ళారు. రెండు వాక్యాలకు బదులు ఒక పొట్టి లంకె, పక్కన ‘తప్పక చదవండి’ అన్న మాట మిగిలాయి.

ఆయన ఇప్పుడు లేరు. గత వేసవిలో ఒక నవల అనువదిస్తూ, సామెతల వద్ద చిక్కుపడి, ఆయన సూచించిన వ్యాసాలకోసం వెతికాను. బ్లాగులోని లంకెలు చాలావరకు తెగిపోయి ఉన్నాయి. ఇది అరుదైన సంగతి కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో వెల్లడించిన ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పుటలలో 38 శాతం పదేళ్ళు తిరిగేసరికి అందకుండా పోయాయి. అయినా వ్యాసం పేరు, రచయిత పేరు, మాస్టారి రెండు వాక్యాలు ఉన్నాయి. వాటి ఆధారంతో పాత వెబ్ పుటలను భద్రపరిచే ‘వేబ్యాక్ మెషీన్’లో వెతికి, నాకు కావలసిన వ్యాసం సంపాదించాను. ట్విట్టర్‌లో ఆయన పెట్టినవాటికి మాత్రం ఆ భాగ్యం లేకపోయింది. చిరునామా కుదించిన సేవ మూతపడింది. ‘తప్పక చదవండి’ అన్న ఆదేశం మిగిలింది; ఏమి చదవాలో తెలియదు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒకనాడు శీర్షిక మాత్రమే చూసి, ఒక వ్యాసాన్ని ఇరవైమంది మిత్రులకు పంపాను. శీర్షికకు వ్యతిరేకమైన మాటే లోపల ఉన్నదని ఒకరు సౌమ్యంగా తెలియజేశారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్న చందాన ప్రవర్తించాను. ట్విట్టర్‌లో పంచుకున్న వార్తల లంకెలను కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్సులోని ఇన్రియా సంస్థ పరిశోధకులు పరిశీలించి, వాటిలో 59 శాతం ఒక్కరూ నొక్కి చూడనివేనని 2016లో తేల్చారు. ఆ లెక్క చదివినప్పుడు సిగ్గు కొంత తగ్గింది గాని, పూర్తిగా పోలేదు.

రెండు వాక్యాలు రాయాలంటే ముందుగా వ్యాసమంతా చదవాలి. మాస్టారి పద్ధతిలోని కిటుకు అదే. చదవనివాడు ‘అద్భుతం’ అనగలడు. ఎందుకు అద్భుతమో చెప్పలేడు.

ఇప్పుడు ఎవరికి ఏ లంకె పంపినా వ్యాసం పేరు, రచయిత పేరు, తేదీ, నా రెండు వాక్యాలు జతచేస్తున్నాను. కిందటి నెల మా అక్క కూతురికి అలాగే ఒకటి పంపాను. మర్నాడు జవాబు వచ్చింది: “నువ్వు పంపిన లంకె తెరుచుకోలేదు పిన్నీ. పేరు పట్టుకుని వెతికి చదివాను.”